ఒకే వాకిట్లో లేని చుక్కలు

చలి వచ్చేసింది. అటక మీది దుప్పట్లు దిగాయి, సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టింది, వీధి చివర ఇడ్లీబండి దగ్గర ఆవిరికీ పొగమంచుకీ తేడా తెలియడం లేదు. ధనుర్మాసం కదా, తెల్లవారుజామున అయిదింటికల్లా గుడి మైకు లేస్తుంది, మైకు లేపితే వీధి లేస్తుంది. ముగ్గుల పోటీ అని ఎవరూ ప్రకటించలేదు గానీ రోజూ జరుగుతూనే ఉంది. మూలింటి కోడలుగారు పదిహేను చుక్కలు పెడితే, మర్నాడు ఎదురింటావిడ పదిహేడు పెడుతుంది. ఈ లెక్కన పండగనాటికి ముగ్గు మునిసిపాలిటీ కాలవ దాటేలా ఉంది.

అన్నట్టు, ముగ్గు వేస్తూ నడుం పట్టేసి ఒక్కసారి లేచి నిలబడినప్పుడు ఉత్తరం వైపు చూశారా? ఆ వేళకి సప్తర్షి మండలం చక్కగా సగం ఆకాశం ఎత్తున ఉంటుంది. నాలుగు చుక్కలు ముసలమ్మ మంచం కోళ్లు, మిగతా మూడూ దొంగలు అని చిన్నప్పుడు చెప్పించుకున్నాం. పైవాడు కూడా చుక్కలు పెట్టి గీతలు కలపడం మనకి వదిలేశాడు. తేడా ఒక్కటే. మన ముగ్గులో చుక్కలన్నీ ఒకే వాకిట్లో ఉంటాయి. అక్కడ ఒక చుక్క మన గుమ్మంలో, ఇంకోటి పక్కవీధిలో, మరోటి పొలిమేర అవతల. అన్నీ ఒకే నేల మీద ఉన్నాయని మన కంటికి అనిపిస్తుంది, అంతే. ఈసారి కబుర్లన్నీ ఆ లోతు గురించే. మేడ మీద చాపలు పరిచాను, శాలువా కప్పుకుని వచ్చేయండి.

ఇక రాత్రి తొమ్మిదింటికి, సీరియల్ అయిపోయి గిన్నెలు తోమడం ఇంకా మొదలుకాని ఆ పావుగంటలో, నెత్తి మీద కాస్త తూర్పుకి చూస్తే మూడు చుక్కలు వరసగా కనిపిస్తాయి. అదే వేటగాడి నడుముపట్టీ, ఇంగ్లీషువాళ్ల ఓరియన్. దాని చుట్టూ నాలుగు మూలల్లో నాలుగు పెద్ద చుక్కలు. ఎర్రగా ఉన్నది ఆరుద్ర, నీలంగా మెరిసేది రైజెల్. ఆరుద్ర మనకి సుమారు 550 కాంతి సంవత్సరాల దూరం, రైజెల్ 860. రెండో భుజం బెల్లాట్రిక్స్ మాత్రం 250లోనే ఆగిపోయింది. ఆ మూడు చుక్కల నడుముపట్టీ వెయ్యి దాటి ఎక్కడో ఉంది, కింద మసగ్గా కనిపించే మబ్బు 1,350 దగ్గర. కాంతి సంవత్సరం అంటే ఎంతని మళ్లీ అడగకండి. 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. పెట్రోలు ధరతో గుణించి చూడాలని మా బావగారు సరదాపడ్డారు గానీ ఫోనులో కాలిక్యులేటర్ చేతులెత్తేసింది.

అంటే ఆ వేటగాడి ఒక భుజం బజార్లో, ఒక కాలు పొరుగూర్లో, నడుము జిల్లా అవతల. డాక్టరుకి చూపిస్తే నిలువునా అడ్మిట్ చేసుకుంటాడు.

మన పురాణకథ పెడితే ఇంకా తమాషా. ఓరియన్ బొమ్మ మనకి లేడి. రోహిణి వెంటపడ్డ ఆ లేడిని మృగవ్యాధుడు బాణం వేసి కొట్టాడు. ఆ బాణమే మూడు చుక్కలు, మృగవ్యాధుడు కింద ఆగ్నేయాన ధగధగలాడే సిరియస్. ఇప్పుడు దూరాలు చూడండి. మృగవ్యాధుడు 8.6 కాంతి సంవత్సరాల్లో, అంటే దాదాపు మన వరండాలోనే ఉన్నాడు. రోహిణి 65లో. లేడి ఎక్కడో వందల్లో. బాణం వెలుతురంత వేగంగా వెళ్లినా గురి చేరడానికి వందల ఏళ్లు పడుతుంది. ఆ లోపల లేడి హాయిగా గడ్డి మేసుకోవచ్చు.

అన్నట్టు, రోహిణి అంటే గుర్తొచ్చింది. ఎండాకాలంలో రోళ్లు పగిలే రోహిణి కార్తె అంటాం కదా, సూర్యుడు రోహిణిలో ఉన్నాడని. ఉండటమంటే సూర్యుడి వెనక, అదే దిక్కులో రోహిణి ఉందని మాత్రమే. సూర్యుడి వెలుగు మన దాకా రావడానికి ఎనిమిది నిమిషాల పైచిలుకు పడుతుంది, రోహిణి వెలుగుకి 65 ఏళ్లు. మన పక్కింటి మేడ మీద ఆరేసిన చీర వెనక దూరాన కొండ కనిపిస్తే, చీర కొండమీద ఉందనుకున్నట్టు. అయితే ఆ లెక్కతోనే నాట్లు వేశాం, మృగశిర వస్తే చేపలు తిన్నాం, ఆరుద్ర పురుగుల కోసం చేలో గాలించాం. లోతు తెలియకపోయినా పంట ఆగలేదు. మార్కెట్లో చేపల ధర కూడా ఆగలేదు.

రోహిణి చుట్టూ వి ఆకారంలో చిన్న చుక్కల గుంపు ఒకటుంది. చూసినవాళ్లంతా రోహిణిని ఆ ఇంటి పిల్లే అనుకుంటారు. ఆ గుంపు 150 కాంతి సంవత్సరాల దూరంలో, రోహిణి 65లో, అంటే సగం దారి కూడా వెళ్లలేదు. ప్రతి పెళ్లి ఫొటోలోనూ ముందు వరసలో ఒకాయన నవ్వుతూ నిలబడి ఉంటాడు. ఆడపెళ్లివారు మగపెళ్లివారి మనిషనుకుంటారు, మగపెళ్లివారు ఆడపెళ్లివారి మనిషనుకుంటారు. రోహిణి అచ్చంగా ఆ మనిషి.

పిల్లలకోడి కథ వేరు. కృత్తికలు నిజంగానే ఉమ్మడి కుటుంబం. 440 కాంతి సంవత్సరాల దూరంలో వందల చుక్కలు ఒకే మబ్బులో పుట్టి, ఇంకా ఒకే గుంపుగా తిరుగుతున్నాయి. మనకి ఆరో ఏడో కనిపిస్తాయి. ఎన్ని కనిపించాయన్నది మీ కంటిచూపుకీ వీధి దీపానికీ మధ్య తగాదా. మొన్న కార్తీక పున్నమికి దీపాలు వదిలినప్పుడు చందమామ సరిగ్గా కృత్తికల దగ్గరే ఉన్నాడు, నెలకి ఆ పేరు అందుకే వచ్చింది. కానీ ఆ వెన్నెల్లో కోడీ కనపడలేదు, పిల్లలూ కనపడలేదు.

ఇక పండగ ప్రయాణాలు. టికెట్లు రెండు నెలల ముందే అయిపోయాయి, తత్కాల్‌లో దొరికినవాళ్లు అదృష్టవంతులు, కిటికీ పక్కన సీటు దొరికినవాళ్లు మహారాజులు. ఆ మహారాజులు ఫోను పక్కన పెట్టి ఒకసారి బయటికి చూడండి. పట్టాల పక్క స్తంభాలు రయ్యిమని వెనక్కి పారిపోతాయి. చేలగట్ల మీద తాటిచెట్లు తీరుబడిగా కదులుతాయి. దూరాన కొండ మాత్రం మనతోపాటే పరిగెడుతున్నట్టుంటుంది. దగ్గరిది ఎక్కువ కదులుతుంది, దూరంది తక్కువ. చుక్కల లోతు కనిపెట్టిన కిటుకు అంతా ఇదే. ఇంతకు మించి లెక్కలు మనకొద్దు.

మన రెండు కళ్ల మధ్య ఎడం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. చెయ్యి చాచి బొటనవేలు పెట్టి ఒక్కో కన్నూ మూసి చూస్తే వేలు అటూ ఇటూ గెంతుతుంది చూడండి, ఆ తేడాతోనే బుర్ర దూరాన్ని అంచనా కడుతుంది. కొన్ని వందల మీటర్లు దాటితే ఆ తేడా చిక్కదు. అందుకే ఆకాశం మనకి బోర్లించిన మూకుడులా, దానికి అంటించిన తళుకుల్లా కనిపిస్తుంది. చుక్కల లోతు తెలియాలంటే కళ్లు ఇంకా ఎడంగా ఉండాలి. ఎంత ఎడం? మనం కూర్చున్న ఈ భూమే రైలు. జనవరిలో ఇక్కడ, జూలైలో సూర్యుడికి అవతల, మధ్యలో 30 కోట్ల కిలోమీటర్లు. ఆరు నెలల ఎడంలో రెండు ఫొటోలు తీస్తే అవే రెండు కళ్లు.

అంత ఎడం ఉన్నా కదలిక ఎంతో తెలుసా? ఎండాకాలం రాత్రుళ్లు దక్షిణాన కింద కనిపించే ఆల్ఫా సెంటారీ మనకి బాగా దగ్గరి చుట్టం, నాలుగు కాంతి సంవత్సరాల పైన కాస్త. అది ఆరు నెలల్లో జరిగే దూరం, సుమారు మూడు కిలోమీటర్ల అవతల పట్టుకున్న రూపాయి బిళ్ల వెడల్పంత. మా కండక్టరు చిల్లర ఇవ్వనప్పుడు కూడా రూపాయి అంత దూరంగా కనిపించలేదు.

ఆ రూపాయిని మొదట కొలిచి ప్రకటించినది జర్మనీ ఖగోళవేత్త బెసెల్, 1838లో, హంస మండలంలోని 61 సిగ్నీ అనే మామూలు చుక్కకి. తమాషా ఏమిటంటే అదే 1838లో లండన్‌లో వీట్‌స్టన్ రెండు కళ్లకి రెండు బొమ్మలు చూపి లోతు పుట్టించే స్టీరియోస్కోప్ గురించి చెప్పాడు. ఒకాయన కళ్లను ఆరు సెంటీమీటర్లలో అర్థం చేసుకుంటే, ఇంకొకాయన 30 కోట్ల కిలోమీటర్లలో వాడుకున్నాడు. ఒకే ఏడాది. ఇద్దరూ ఒక కప్పు టీ తాగి ఉంటే ఎంత బాగుండేదో.

అన్నట్టు, మన హైదరాబాద్‌కీ ఇందులో వాటా ఉంది. ప్రపంచంలోని వేధశాలలన్నీ ఆకాశాన్ని పంచుకుని ఫొటోల్లో పటం గీయాలని పూనుకున్నప్పుడు, ఒక ముక్క నిజామియా వేధశాల వాటాకి వచ్చింది. గాజు పలకల మీద చుక్కలు పట్టి, ఒక్కొక్కదాని స్థానమూ కొలిచి, ఏడు లక్షలకు పైగా చుక్కల లెక్క తేల్చారు. కంప్యూటర్లు లేవు, భూతద్దమూ ఓపికా ఉన్నాయి. ఆ పటం చదునైనదే, లోతు లేదు, మన ముగ్గులాగే. అయితే పాత కాగితం అని పారేయలేదెవరూ. చాలా ఏళ్ల తర్వాత యూరప్ ఉపగ్రహం హిప్పార్కోస్ కొత్తగా కొలిచిన స్థానాల పక్కన ఆ పాత పటాలను పెట్టి చూసి, మధ్యలో ఏ చుక్క ఎటు జరిగిందో లెక్కకట్టారు. పాత కరెంటు బిల్లులు దాచేవాళ్లని చూసి నవ్వేవాళ్లు ఈ సంగతి గమనించాలి. మా ఇంట్లో ఆ నవ్వేది ఎవరో చెప్పను.

హిప్పార్కోస్ 1989లో వెళ్లి లక్షా పద్దెనిమిది వేల చుక్కలకి లోతు కొలిచింది. దాని తర్వాత 2013 డిసెంబరులో వెళ్లిన గయా సంగతి చూస్తే దాన్ని గుమాస్తా అనాలో దేవత అనాలో తెలియదు. 2022లో విడుదల చేసిన దాని చిట్టాలో దాదాపు 180 కోట్ల చుక్కలున్నాయి, చాలావాటికి దూరం అంచనాతో సహా. వెయ్యి కిలోమీటర్ల అవతలి తలవెంట్రుక మందాన్ని పసిగట్టేంత చూపు. 2025 జనవరి 15న చూడటం ఆపేసింది. కాలెండరు తీసి చూడండి, ఆ రోజు కనుమ. కనుమనాడు కాకి కూడా కదలదంటారు, అదీ విన్నట్టుంది.

ఇక ఇంట్లో చేసిన ప్రయోగం చెప్పాలి, లేకపోతే మీరే అడుగుతారు. మేనకోడలికి సెలవులిచ్చారు, ఫోను లాక్కుంటే ఏం చేయించాలన్నది ప్రశ్న. కొత్త మిక్సీ వచ్చిన అట్టపెట్టె ఒక పక్క కోశాం. సప్తర్షుల బొమ్మ గీసి, ఏడు చుక్కల దగ్గరా దబ్బనంతో పొడిచాం. ఏడు దారాలు, ఏడు తెల్ల పూసలు. సెంటీమీటరుకి ఒక కాంతి సంవత్సరం అని లెక్క. అట్టని మేడ మీద దండేనికి కట్టి, కింద చాప వేసి, పడుకుంటే కంటికీ అట్టకీ మధ్య 130 సెంటీమీటర్లు ఉండేలా చూసుకున్నాం. మంచంలో ముందుకోడు క్రతువు, దొంగల్లో చివరివాడు మరీచి. క్రతువు 123 కాంతి సంవత్సరాల దూరం కాబట్టి దారం పొట్టిది, ఏడు సెంటీమీటర్లే. మరీచి 104, దారం 26. మిగతా అయిదుగురూ ఇంచుమించు 80 దగ్గరే, అందరికీ అర మీటరు దారం.

కింద పడుకుని ఒక కన్ను మూసి చూస్తే, కాస్త వంకర ఉన్నా, ముసలమ్మ మంచమే. లేచి పక్కకి వచ్చి చూస్తే మంచమూ లేదు, ముసలమ్మా లేదు. అయిదు పూసలు ఒకే అంతస్తులో, రెండు పై అంతస్తుల్లో. పిల్ల నాలుగుసార్లు పడుకుంది, నాలుగుసార్లు లేచింది. "అయితే పక్కనుంచి చూసేవాళ్లకి మంచం ఉండదా అత్తా?" అంది. ఉండదు. ఆ మంచం మన చాప మీదనుంచి మాత్రమే మంచం. ఇంకో సంగతీ చెప్పాను. ఆ కింది అంతస్తు అయిదుగురూ ఒకే చోట పుట్టి, ఒకే దిక్కుకి కలిసి పోతున్న తోబుట్టువులు. క్రతువు, మరీచి వేరే బండి ఎక్కినవాళ్లు. ఏ లక్ష ఏళ్లకో మంచం విరిగి ఇంకేదో బొమ్మ అవుతుంది. "అప్పుడు దొంగలు పారిపోతారా?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

సాయంత్రానికి గాలి లేచింది. పక్కింటివాళ్ల గాలిపటం మాంజా దండేనికి చుట్టుకుంది. పొద్దున చూస్తే అత్రి, అంగిరసుడు, వసిష్ఠుడు ఒకే ముడిలో ఉన్నారు, మరీచి నీళ్ల ట్యాంకు కింద దొరికాడు. క్రతువు దారం పొట్టిది కాబట్టి తప్పించుకున్నాడు. మీరు చేసేటట్టయితే ఇంట్లోనే చేయండి, ఫ్యాను రెగ్యులేటరు మీద కాగితం అంటించడం మరవకండి.

అన్నట్టు, అటక సర్దుతుంటే ఎర్రగాజూ నీలిగాజూ ఉన్న అట్ట కళ్లజోడు బయటపడింది. సినిమాహాల్లో కళ్లద్దాలిచ్చి పంపడం మనకి చిన్నారి చేతనతో అలవాటైంది. 1984లో మలయాళంలో తీసిన ఆ సినిమాలో ఐస్‌క్రీము ముఖం మీదకి వస్తుంటే చేతులు చాచినవాళ్లలో నేనూ ఉన్నాను. హాల్లో ఇచ్చినవి వేరే రకం అద్దాలు, సినిమా అవగానే లాగేసుకున్నారు. ఈ ఎర్రా నీలం జోడు తర్వాత ఏదో పుస్తకంతో వచ్చింది. అంతరిక్షం బొమ్మలు ఎర్రగా ఒకటి, నీలంగా ఒకటి కాస్త జరిపి అచ్చువేస్తే, ఈ జోడు పెట్టుకోగానే దగ్గరి చుక్కలు కాగితంలోంచి పైకి లేస్తాయి. పక్కపక్కన అచ్చువేసిన జంట బొమ్మలైతే జోడు కూడా అక్కర్లేదు, కళ్లు కొంచెం మెల్ల చేసి చూస్తే మధ్యలో మూడో బొమ్మ లోతుగా తేలుతుంది. మా ఇంట్లో ఒక్కరికే కుదిరింది. ఆ ఒక్కరూ గాలి తగిలితే మెల్లకన్ను అలాగే ఉండిపోతుందేమోనని గంటసేపు అద్దం ముందు నిలబడ్డారు.

చందమామకి ఈ పని 1850ల్లోనే చేశారు. చందమామ ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడంటాం గానీ, కొంచెం కొంచెం తల ఊపుతాడు. తల ఇటు తిప్పినప్పుడు ఒక ఫొటో, కొన్ని నెలలు ఆగి అటు తిప్పినప్పుడు ఇంకోటి. రెండూ స్టీరియోస్కోప్‌లో పెడితే బంతిలా గుండ్రంగా ముందుకొచ్చాడు. చుక్కలకి మాత్రం 2020 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. ప్లూటో దాటి దాదాపు 700 కోట్ల కిలోమీటర్లు వెళ్లిన న్యూ హొరైజన్స్ నౌక, భూమి మీది టెలిస్కోపులు, ఒకే రోజుల్లో ప్రాక్సిమా సెంటారీనీ వుల్ఫ్ 359నీ ఫొటో తీశాయి. రెండు ఫొటోల్లో ఆ చుక్క ఉన్న చోటు కంటికే తేడాగా కనిపించింది. వాటిని జంట బొమ్మలుగా కూర్చడంలో చెయ్యి వేసినవాళ్లలో క్వీన్ బృందం గిటారిస్టు బ్రయాన్ మే ఒకరు. ఆయన ఖగోళభౌతికశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నాడు లెండి. మా అబ్బాయి గిటారు నేర్చుకుంటానన్నప్పుడు నేను వద్దన్నాను, ఈ సంగతి వాడికి చెప్పకండి.

ఫోన్ల సంగతి. ఆకాశం వైపు పట్టుకుంటే చుక్కల పేర్లు చెప్పే యాప్‌లు అందరి దగ్గరా ఉన్నాయి, కానీ వాటిలో చాలావరకు ఆ బోర్లించిన మూకుడే. లోపలికి దూరి తిరగాలంటే కంప్యూటర్‌లో సెలెస్టియా గానీ గయా స్కై గానీ ఉచితంగా పెట్టుకోండి. ఓరియన్ ఎదురుగా నిలబడి మెల్లగా ముందుకు పొండి. ముందు బెల్లాట్రిక్స్ మీ చెవి పక్కనుంచి వెనక్కి వెళ్తుంది, తర్వాత ఆరుద్ర. వేటగాడి భుజాలు రెండూ వెనకపడిపోయాక కూడా నడుము ఇంకా ఎదురుగా ఉంటుంది. బొమ్మ సాగి, విరిగి, చివరికి దేనికీ పోలిక లేని చుక్కల పోగవుతుంది. ఆ క్షణం కోసమైనా చూడాలి, నా మాట విని.

అందులోనే ఇంకో సరదా. ఉత్తరాన సాయంత్రం పూట డబ్ల్యూ అక్షరంలా కనిపించే శర్మిష్ఠ మండలం తెలుసుగా. దాని అయిదు చుక్కల్లో దగ్గరిది 55 కాంతి సంవత్సరాలు, దూరంది 500 దాటి. ఇప్పుడు ఆల్ఫా సెంటారీకి వెళ్లి నిలబడి ఇటు తిరిగి చూడండి. దగ్గర్లోనే జరిగాం కాబట్టి శర్మిష్ఠ అంతగా చెదరదు, కానీ చివర ఆరో చుక్క ఒకటి కొత్తగా చేరి ఇంకో వంపు తిరుగుతుంది. ఆ ఆరోది మన సూర్యుడు. మన ఎండ, మన వడియాలు, మన ఆవకాయ, అన్నీ ఆ ఒక్క చుక్కలో.

ఇక దేశాలు దాటినవాళ్ల కబురు. మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో "మాకు వేటగాడు తలకిందులుగా ఉన్నాడే" అన్నారు. నిజమే, అక్కణ్నుంచి తలకిందులే. కానీ లోతు మాత్రం ఇద్దరికీ ఒకటే. గుంటూరుకీ మెల్‌బోర్న్‌కీ మధ్య ఎడం ఆ చుక్కల ముందు లెక్కలోకి రాదు. న్యూజెర్సీవాళ్ల కష్టం ఇంకో రకం. మనకి దక్షిణాన కిందుగా వెలిగే అగస్త్యుడు వాళ్లకి ఉదయించనే ఉదయించడు. రాత్రి ఆకాశంలో సిరియస్ తర్వాత రెండో ప్రకాశం ఆయనదే. సిరియస్ 8.6 కాంతి సంవత్సరాల్లో ఉండి వెలుగుతుంటే, అగస్త్యుడు 310లో ఉండి కూడా దాదాపు దానిలో సగం వెలుగుతున్నాడు. ఒకటి మన గుమ్మంలో బల్బు, రెండోది పక్కఊరి తిరునాళ్ల ఫ్లడ్‌లైటు. కంటికి రెండూ పక్కపక్కన చుక్కలే.

అన్నట్టు, పుష్యం అయిపోగానే మాఘం, మాఘం రాగానే పెళ్లిళ్లు. హాళ్లు బుక్కయిపోయాయి, కేటరింగు మనిషి ఫోను ఎత్తడం మానేశాడు. తంతులో పంతులుగారు వధూవరుల్ని బయటికి తీసుకెళ్లి వేలు పెట్టి అరుంధతిని చూపిస్తారు. పట్టపగలైనా సరే, వాళ్లు తలూపుతారు, ఫొటోగ్రాఫరు ఇంకోసారి తలూపమంటాడు. ఫిబ్రవరి మధ్యలో అరుంధతి ఈశాన్యాన లేచేదే రాత్రి ఎనిమిది తర్వాత. అర్ధరాత్రి ముహూర్తం అయితే నిజంగానే చూడొచ్చు, అప్పుడు కొత్త జంట తప్ప అందరూ నిద్రపోతుంటారు. వసిష్ఠుడి పక్కన మినుకుమనే ఆ చిన్న చుక్క కూడా ఆయన అంతస్తులోనే, 80 కాంతి సంవత్సరాల పైచిలుకు దూరంలోనే ఉంది. ఇక్కడ మాత్రం కన్ను మోసపోలేదు. పైగా వసిష్ఠుడు అనుకున్నది నాలుగు చుక్కల కూటమి, అరుంధతి రెండు. కొత్త కాపురానికి ఆశీర్వచనం ఆరుగురిదన్నమాట, భోజనాలకి లెక్క సరిచూసుకోండి.

పునర్వసు కవలలు కూడా చూడాల్సినవాళ్లే. పక్కపక్కన భుజాలు రాసుకునేంత దగ్గరగా కనిపిస్తారు. ఒకటి 34 కాంతి సంవత్సరాలు, రెండోది 51. కవలలన్న మాట మనదే.

ఈ లెక్కల్లోంచే మేడ మీద కొత్త ఆట పుట్టింది. ఎవరి వయసుకి సరిపోయే దూరంలో ఏ చుక్క ఉందో వెతకడం. అప్పుడు మీరు పుట్టిన ఏడు బయల్దేరిన వెలుగు ఇప్పుడు మీ కంట్లో పడుతుందన్నమాట. మూడో క్లాసు పిల్లకి సిరియస్ ఇచ్చాం. ఇంటర్ చదివే కుర్రాడికి శ్రవణం, 17. కొత్త ఉద్యోగంలో చేరిన అమ్మాయికి అభిజిత్, 25. పై వాటా ఆయనకి స్వాతి, 37. నాకు ఏది వచ్చిందో చెప్పను, బ్రహ్మహృదయం 43 అని మాత్రం పిల్లలు ప్రచారం చేస్తున్నారు, నేను కాదనలేదు. కిందటేడు ఉద్యోగం అయిపోయిన మాస్టారు 65 అడిగి రోహిణి తీసుకున్నారు. 62 నిండలేదని మాకందరికీ తెలుసు, కానీ ఆ ఎర్రదనం ఆయనకి నచ్చింది.

రెండో అంతస్తు బామ్మగారికి కిందటి మాఘంలో సహస్ర చంద్ర దర్శనం చేశారు, వెయ్యి పున్నములు చూసినవారికి చేసేది. ఇప్పుడు 82వ ఏడు నడుస్తోంది. ఆవిడకి చుక్క వెతకడానికి ఎవరూ కష్టపడలేదు. మొన్న రాత్రి పన్నెండు దాటాక కుర్చీతో సహా మేడెక్కించి ఈశాన్యం వైపు తిప్పాం. సప్తర్షులు అప్పటికి పైకొచ్చారు. దొంగల్లో మధ్య చుక్క, దాని పక్కన చిన్నది. కళ్లజోడు తుడుచుకుని, ఇంకోసారి తుడుచుకుని, "పెళ్లినాడు కనపడలేదే, మధ్యాహ్నం పన్నెండింటికి చూపించారు" అంది బామ్మ. ఆవిడ పసిబిడ్డగా ఉన్నప్పుడు బయల్దేరిన వెలుగది. అరవై అయిదేళ్ల కిందటి తలూపుకి ఇప్పుడు లెక్క సరిపోయింది.

వచ్చే అమావాస్యకి అటూ ఇటూ నాలుగు రాత్రులు మన వీధి దీపం స్విచ్చు కట్టేస్తానని లైన్‌మన్ ఒప్పుకున్నాడు. మీ వయసెంతో నిజం చెప్పి రండి. మేడ తాళంచెవి మా ఇంట్లోనే, చెప్పుల స్టాండు పక్క మేకుకి.